కొంగులో ఆరో గీత

తెలియక చేసిందట! ఆ మాట అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? అమ్మమ్మ పోయిన పదో రోజున, ఇంటినిండా చుట్టాలున్నప్పుడు, మా పెద్దమామ ఆమె సందూకు తెరిచి అడుగున మడతపెట్టి ఉన్న పాత చీరొకటి బయటికి తీశాడు. నల్ల చీర, ఎర్ర కొంగు. దాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తి, "సూడుండ్రి, కొంగుల యాడనన్న పసుపు గీత ఉన్నదా? లేదు. మా అవ్వకు వయసుల ఉన్నప్పుడు ఏందో పట్టింది. పాపం, తెల్వకుంట చేసింది. కొండగట్టు అంజన్న నయం చేసిండు. గిదే సాక్షం" అన్నాడు. "మామా, ఆ గీతలు ఎన్నున్నాయో లెక్కపెట్టు" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఎవరు వింటారు? "ఫోన్ పట్టుకొని పుట్టిన పిల్ల, దీనికేం ఎర్క మగ్గం ముచ్చట" అని చీర మడతపెట్టి సందూకులో వేశాడు. అక్కడితో ఆగాడా? అదే కథ ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాడు. కింద వరసగా దండాల బొమ్మలు. నేనూ రాశాను. కొంచెం ఘాటుగానే రాశాను. రాసి గ్రూపులోంచి బయటికొచ్చాను.

ఫోన్ పట్టుకుని పుట్టానా? సరే, పుట్టాను. ఆ ఫోన్‌లోనే అమ్మమ్మ గొంతు నలభై రెండు నిమిషాలు ఉంది. ఇంట్లో పెద్దవాళ్లెవరూ అడగని మాట అడిగి, ఆమె మంచం మీద మా ఇద్దరి మధ్య ఫోన్ పెట్టి రికార్డు చేసింది నేను. కాబట్టి ఈ ముచ్చట చెప్పే హక్కు నాకే ఉంది.

నేను హైదరాబాద్‌లో పెరిగాను. ఎండాకాలం సెలవులు రాగానే అమ్మ నన్ను సిరిసిల్ల బస్సెక్కించేది. అమ్మమ్మ వాళ్ల వీధిలో ఏ ఇంటి ముందు నిలబడ్డా మరమగ్గాల చప్పుడే. మొదటి రెండు రోజులు తల పగిలిపోయేది, మూడో రోజు ఆ చప్పుడు ఉందన్న సంగతే మర్చిపోయేదాన్ని. అమ్మమ్మ ఇంట్లో మాత్రం మగ్గం లేదు. ఒకప్పుడు లోపలి గదిలో గుంట మగ్గం ఉండేదట. నేలలో నడుము లోతు గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి పలకలు తొక్కుతూ నేసే మగ్గం. నేను పుట్టకముందే దాన్ని మట్టితో పూడ్చేసి పైన బండలు పరిచారు. అయినా ఆ చోటు కొద్దిగా కుంగి ఉండేది. నీళ్లు ఒలికితే అక్కడికే పోయేవి. ఎండాకాలంలో ఇల్లంతటికీ చల్లటి చోటు అదే. మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పుచారు అయ్యాక అమ్మమ్మ సరిగ్గా అక్కడే పీట వేసుకుని టీవీ చూసేది. ఆమె చీరకి ఎప్పుడూ ఉడికిన గంజి వాసన. మగ్గం పోయి ముప్పై ఏళ్లయినా ఆ వాసన ఎందుకు పోలేదో నాకిప్పటికీ తెలియదు. బహుశా రోజూ తన చీరకి తనే గంజి పెట్టుకునేది కాబట్టేమో.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లుంటాయి. ఆమె పక్కన పడుకుని ఉంటే కాళ్లు కనిపించాయి. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు, అమ్మమ్మ కూడా కళ్లొత్తుకుంటోంది, కింద కాళ్లు మాత్రం ఒకటి మార్చి ఒకటి నేలని నొక్కుతున్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి.

"అమ్మమ్మా, కాళ్లెందుకు ఊపుతున్నవ్?"

"ఎవలు, నేనా? ఊపుతలేనే."

ఆమె కిందికి చూసింది. కాళ్లు ఆగాయి. చూపు టీవీ మీదికి పోగానే మళ్లీ మొదలు. నేను పడీ పడీ నవ్వాను.

"మళ్ల ఊపుతున్నవ్! చూడు, చూడు!"

"గవి నా మాట ఎన్నడిన్నయే పిల్లా? చేతులే ఇనలే, ఇగ కాళ్లింటయా?"

చేతులేం చేశాయని ఎంత అడిగినా ఆ రోజు చెప్పలేదు. "పెద్దగైనంక చెప్త, ముందుగాల పోయి నీళ్లు పట్టు" అంది. నేను పెద్దయ్యాక నిజంగానే చెప్పింది. అడిగితే చెప్పేదే. అడిగినవాళ్లే లేరు.

అమ్మమ్మ పుట్టిల్లు నిర్మల్ దగ్గర ఒక ఊరు. వాళ్ల బాపు తొందరగా పోయాడు. వాళ్ల అవ్వ, అంటే కన్నతల్లి, కూర్చుని ఏడవలేదు, గుంటలోకి దిగి తనే నేసింది. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు నూలుని పుల్లలకి చుట్టి కండెలు చేయాలి, నిలువు పోగుల పడుగుకి గంజి పెట్టాలి, నేత మాత్రం మగవాళ్ల పని. ఆమె అదేమీ పట్టించుకోలేదు. కూతురికి నడక ఎట్లా నేర్పిందో, అడ్డపోగుని అటూ ఇటూ తీసుకుపోయే నాడె విసరడం కూడా అట్లాగే నేర్పింది. కొంగు అయిపోయే చోట, చీర ముగిసే ముందు, ఒక్క పసుపు పోగు అడ్డంగా నేసేది. ఒకే ఒక్క సన్నటి గీత. ఎందుకు అని చిన్నప్పుడు అమ్మమ్మ అడిగితే, "గీ చీర ఆడమనిషి నేసిందని తెల్వొద్దా?" అందట. అంతే, దానికి ఇంకే కథా లేదు.

నిజాం రాజ్యం పోయి ఎక్కువ రోజులు కాలేదు, పెద్దవాళ్లింకా పోలీసు చర్య ముచ్చట్లు చెప్పుకుంటున్నారు, అప్పుడే అమ్మమ్మకి పెళ్లయింది. పదమూడేళ్లు. సిరిసిల్లకి వచ్చింది. తాత కొన్నాళ్లుండి భీవండి మిల్లులో పనికి పోయాడు, ఏడాదికోసారి వచ్చేవాడు. ఇంట్లో మిగిలింది అత్త, మామ, ఈమె. ఆ మామ, అంటే మా ముత్తాత రాజయ్య, పేరున్న నేతగాడు. ఆయన చీర కొంగుకి ఒక పద్ధతి ఉండేది. ఎర్ర కొంగులో అయిదు తెల్ల గీతలు. అంగడిలో దూరం నుంచి చూసి "గది రాజయ్య చెయ్యి" అనేవాళ్లు. ఆయన జీవితమంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో ఆయన కళ్లకి పొర కమ్మింది. మనుషులు మసకగా కనిపిస్తారు, పోగు అసలే కనిపించదు. పోగు కనిపించని నేతగాడు ఎట్లా బతకాలి? అప్పుడు అత్తకి తెలిసింది, కోడలికి నేత వచ్చని. గుంటలోకి దింపింది. కానీ ఆ సంగతి గోడ దాటి పోవద్దు. నేసేది కోడలు, పేరు మామది.

దీంతో ఒక తమాషా జరిగింది. మగ్గం చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది కదా. చప్పుడవుతున్నంతసేపు ముత్తాత బయట కనిపించకూడదు! కనిపిస్తే మరి లోపల నేసేదెవరు? అందుకని తలుపు దగ్గరికేసి ఆయన కూడా లోపలే, కోడలి పక్కన, గోడకానుకుని కూర్చునేవాడు. సుట్ట తాగాలంటే అరుగు మీదికి పోవాలి. అరుగు మీదికి పోవాలంటే మగ్గం ఆగాలి. రికార్డింగులో ఇక్కడ అమ్మమ్మ నవ్వు ఆగదు. పక్కింటి మల్లయ్య బయటి నుంచి పిలిచేవాడట.

"రాజయ్యా, జర బయిటికి రారాదు, ముచ్చట పెడుదాం!"

"వస్తున్న, ఆగు, కండె అయిపోనీ!" అని లోపలి నుంచి ముత్తాత. తర్వాత గొంతు తగ్గించి, "ఆపవే, జర ఆపు, నా పానం సుట్ట సుట్ట అంటుంది."

"గీ ఒక్క కండె మామా" అనేది అమ్మమ్మ. ఆయన మీద ఎప్పుడైనా కోపమొస్తే ఆ ఒక్క కండె నాలుగు కండెలయ్యేది. "ఆయిన నాకు కావలి అనుకున్నడు, నేనే ఆయినను కట్టేసిన" అంటుంది.

ఆ ఏర్పాటు రెండేళ్లు మంచిగానే నడిచింది. ఒకరోజు ముత్తాత అంగడి నుంచి మొహం నల్లగా చేసుకుని వచ్చాడు. చీర కొనే మనిషి కొంగు విప్పి చూసి, అందరి ముందూ, "రాజయ్యా, గీ పసుపు గీత ఏంది? గిది నీ చెయ్యి గాదే, ఎవలితోని నేపిస్తున్నవ్?" అన్నాడట. కళ్లు లేని మనిషి, ఏ గీతో ఆయనకేం కనిపిస్తుంది? ఇంటికొచ్చి చీర కోడలి ముందు పడేశాడు.

"నా పేరు తీస్తానికి చేసినవా?"

అమ్మమ్మ చీర అందుకుని చూసింది. అయిదు తెల్ల గీతలు, వాటి పక్కన, కొంగు చివర, ఒక్క పసుపు గీత. తన చేతి నేతే. కానీ వేసినట్టు గుర్తులేదు. "ఒట్టు మామా, నాకు ఎర్కలే" అంది. మరి ఆ పసుపు కండె, మగ్గం పక్కన కండెలు పెట్టుకునే గంపలోకి ఎట్లా వచ్చింది? పసుపు నూలు ఇంట్లో అంచుల కోసం ఉండేది, కొంగుకి దాంతో పనే లేదు. కండెలు చుట్టేది కూడా ఈమే. అంటే కండె చుట్టడం, గంపలో పెట్టడం, నాడెలో ఎక్కించడం, విసరడం, నాలుగు పనులు వరసగా చేసింది, ఒక్కటీ ఆమెకి తెలియదు.

ఆ తర్వాత నుంచి అత్త ప్రతి కొంగూ విప్పి చూసేది. అమ్మమ్మ తన చేతి మీద తనే కన్నేసింది. "చేనుకాడ మేకను కావలి కాసినట్టు నా చేతిని కావలి కాసిన పిల్లా" అంటుంది. కాపలా కాసినన్ని రోజులు గీత పడలేదు. కానీ మనిషి ఎంతసేపని చేతినే చూస్తూ ఉంటుంది? పొయ్యి మీద పప్పు మాడుతుందేమోనని ఒక్క క్షణం అనుకుంటే చాలు, మళ్లీ చూసేసరికి గీత అక్కడుండేది.

ఇక్కడ మా వంశీ గురించి చెప్పాలి. పిన్ని కొడుకు, నాకంటే చిన్నవాడు, మనసు గురించి పెద్ద చదువు చదువుతున్నాడు. పదో రోజున పెద్దమామ మాటలకి వీడు ఇంకో మాట కలిపాడు. "అక్కా, దేవుడు, గాలి, అవన్నీ కాదు. అమ్మమ్మ వాళ్ల అవ్వ చనిపోతే ఈమెను పంపలేదు కదా, ఏడవనియ్యలేదు కదా. ఆ దుఃఖం లోపలి మనసులోకి పోయింది. ఆ లోపలి మనసే గీత వేసింది. అమ్మమ్మకి సంబంధం లేదు" అన్నాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి. వాళ్ల అవ్వ పోయిన మాట నిజమే. గాజులమ్ముకునే ఆమె ఆ ఊరి మీదుగా వచ్చి చెప్పేదాకా కబురు అందలేదు. అప్పటికే పదమూడు రోజులు దాటింది. మగ్గం మీద పెళ్లి చీరలు ఉన్నాయని పంపలేదు, అదీ నిజమే. కానీ రికార్డింగ్ వినురా ముందు! అమ్మమ్మే చెప్పింది, "అవ్వ సావకముందు గూడ పడ్డదే గీత. గాజులామె రాకముందు. గప్పుడు నాకేం దుఃఖం ఉన్నది? మంచిగనే ఉంటి" అని. పెద్దమామ ఆమె చేతిని దయ్యానికిచ్చాడు, వీడు లోపలి మనసుకిచ్చాడు. అమ్మమ్మకిచ్చినవాడు ఒక్కడూ లేడు.

గీత పడ్డ నాలుగో చీరకి ఇంట్లో తీర్పు అయిపోయింది. కోడలికి గాలి పట్టింది, కొండగట్టు ఆంజనేయుడి గుడికి తీసుకుపోవాలి. అత్త, మామ, ఈమె బండి కట్టుకుని పోయారు. పదకొండు రోజులు గుట్ట మీదే. పొద్దుగాల గుండంలో స్నానం, తడి బట్టలతో ప్రదక్షిణలు, కోతుల నుంచి కొబ్బరిచిప్ప కాపాడుకోవడం. అమ్మమ్మకి అంజన్న మీద కోపమేమీ లేదు. చివరిదాకా కాలెండర్‌లో ఆయన బొమ్మకి దండం పెట్టుకునే పడుకునేది. "ఆయిన ఏం జేస్తడు, తీస్కపోయినోళ్లది గద తప్పు" అనేది.

గుట్ట మీద ఆమెకొక దోస్తు దొరికింది. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ఒకామె. ప్రదక్షిణ చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి ఆమె అరిచేది, తిట్టేది, అత్తింటివాళ్ల పేర్లన్నీ వరసగా తీసేది. తర్వాత మామూలుగా వచ్చి కూర్చుని, మీ దిక్కు చింతపులుసు ఎట్లా చేస్తారని అడిగేది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ బట్టలు ఆరేస్తున్నారు.

"నీకేమైందే చెల్లె?" అంది ఆమె.

"నా చెయ్యి నా మాట ఇంటలేదక్కా."

"నీదే నయం. నా నోరే నా మాట ఇంటలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారట. నవ్వాక ఆమె గొంతు పట్టుకుని నొక్కుకుంది. అరిచి అరిచి బొంగురుపోయింది. "ఒర్రేది నేను గాదంటరు. మా అత్త అట్లనే అంటది, మా ఆయిన గూడ అట్లనే అంటడు. మంచిదే, నన్ను కొడుతలేరు. కని చెల్లె, ఒర్రేది నేను గాకపోతె, గీ గొంతు నాకెందుకు నొస్తుంది?"

రికార్డింగులో ఇక్కడ ఫ్యాన్ చప్పుడు, బయటి మరమగ్గాల చప్పుడు, వాటి మధ్య అమ్మమ్మ గొంతు. "నా చెయ్యి గూడ నొచ్చేది పిల్లా" అంటుంది.

తిరిగొచ్చారు. అత్త ముందుగానే ఇంట్లో ఉన్న పసుపు నూలంతా ఏరి ఎవరికో ఇచ్చేసింది. అమ్మమ్మ మగ్గం మీద కూర్చుంది. చీర నడుస్తోంది, కొంగు దగ్గరికొచ్చింది. ఒకటి, రెండు, అయిదు తెల్ల గీతలూ అయ్యాయి. అప్పుడు చూసింది. కుడి చెయ్యి నాడె వదిలి, గంప అంచు దాటి, అడుగున ఒక మూలకి పోయింది. అక్కడ తడుముతోంది. ఏమీ లేదు. ఇంకా తడుముతోంది. జీవితంలో మొదటిసారి ఆ చెయ్యి పని చేస్తుండగా ఆమె పట్టుకుంది. అత్త కాదు, అంగడి మనిషి కాదు, తనే. "నాకు నవ్వొచ్చింది పిల్లా. దేవులాడుతుంటె పాపమనిపించింది. ఏం దేవులాడుతున్నవే, లేదు గద, అన్న."

ఇప్పుడు ఆమె ముందు దారులు రెండే. ఇక్కడితో ఆపేస్తే నయమైనట్టు. ఇల్లు నిలబడుతుంది, మామ పేరు నిలబడుతుంది, అన్నం దొరుకుతుంది. పోనీ మళ్లీ తెలియకుండా పడిందని అన్నా ఫర్వాలేదు, ఇంకో పదకొండు రోజులు గుట్ట మీద ఉంటే సరిపోతుంది. తెలిసి వేశానంటే మాత్రం దానికి క్షమ లేదు. వెళ్లగొడితే పోవడానికి పుట్టింట్లో అవ్వ కూడా లేదు. పంతొమ్మిదేళ్ల పిల్ల.

లేచింది. వంటింట్లోకి పోయింది. గిన్నెలో పసుపు కలిపి, తెల్ల కండె ఒకటి ముంచి, పిండి, తెచ్చి నాడెలో పెట్టి, అటు ఒకసారి ఇటు ఒకసారి విసిరి, గట్టిగా దెబ్బ కొట్టింది. ఆరో గీత. అప్పుడు పిలిచింది.

"మామా, గిటు రా. సూడు."

ముత్తాత తడుముకుంటూ వచ్చి మగ్గం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. బొటనవేలు కొంగు మీద పెట్టి జరిపాడు. కళ్లు పోయినా వేలు పోలేదు కదా. "ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు." వేలు ఆగింది. "ఆరు."

"ఎవలేసిండ్రు గిది?"

"నేనే ఏసిన మామా."

"తెల్వకనా?"

"తెలిసే ఏసిన. పసుపు నేనే కలిపిన, కండె నేనే ముంచిన."

"మరి కొండగట్టు కాడ తెల్వకుంట పడ్డదంటివి?"

"గప్పుడు తెల్వకపాయె. అవద్దం చెప్పలే. కని గవి గూడ నేనే ఏసిన. తెల్వకపోతె ఏంది మామా, చెయ్యి నాదే గద."

గుమ్మం దగ్గర నుంచి అత్త అందుకుంది. "సూసినవా, ఇంక దిగలే దీనికి! మళ్ల గుట్టకు..."

"నువ్వాగు" అన్నాడు ముత్తాత. కోడలి వైపు మొహం తిప్పాడు. "మీ అవ్వ నేర్పిందా?"

"నేర్పింది అవ్వ. ఏసింది నేను. పొమ్మంటె పోత. ఉండుమంటె మాత్రం గుంటల దిగినంతకాలం ఏస్త."

ఆయన చీర కోయించి, మడతపెట్టకుండానే ఆమె ఒళ్లోకి విసిరాడు. "అంగడికి పోదు గిది. నువ్వే కట్టుకో." నెల రోజులు మాట్లాడలేదు. నేయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆమె నేసింది. అయిదు గీతలు, పక్కన ఆరోది.

ఒకనాడు పొద్దున్నే అమ్మమ్మ మగ్గం మీద ఉంది. నాడె నడుస్తోంది. గోడకానుకుని కూర్చున్న ముత్తాత లేచాడు. ఆమె ఆపబోయింది. "ఆపకు" అన్నాడు. తలుపు తీశాడు. బార్లా తీసి, అరుగు మీద కూర్చుని, సుట్ట ముట్టించాడు. లోపల మగ్గం టకటకా కొడుతూనే ఉంది. మల్లయ్య ఆ దారిన పోతూ ఆగిపోయాడు.

"రాజయ్యా! నువ్వీడ కూసున్నవ్, లోపట ఎవలు నేస్తుండ్రు?"

"చెవులున్నయి గద. ఇను" అన్నాడట ముత్తాత. అంతే. పొగ వదిలాడు.

ఆయన ఎందుకలా చేశాడని నేను చాలాసార్లు అడిగాను. ప్రేమా, ఓటమా, సిగ్గా? అమ్మమ్మ నా పెద్ద పెద్ద మాటలు విని విసుక్కునేది. "సుట్ట తాగబుద్దయింది గావచ్చు. నెల రోజులాయె మనిషి బయిట కూసోక."

ఇదీ జరిగింది. ఇందులో గాలి ఎక్కడుంది? నయమైంది ఎక్కడ? ముత్తాత పోయాక, ఊళ్లో మగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చాక, కథలో కొండగట్టు దాకా ఉన్న సగం మాత్రమే మిగిలింది. రెండో సగం ఇంట్లోవాళ్లకి పనికిరాలేదు.

మొన్న ఆదివారం జరిగిన సంగతి చెప్పి ముగిస్తాను. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున పదింటికి నేను అమ్మమ్మకి ఫోన్ చేస్తాను. మొన్న టీ కప్పుతో బాల్కనీలో నిలబడి ఆఫీసులో ఎవరినో మనసులో తిట్టుకుంటున్నాను. ఫోన్ రింగవుతున్న చప్పుడు వినిపించింది. నా ఫోనే, నా చేతిలోనే. తెర మీద అమ్మమ్మ పేరు. నా బొటనవేలు ఆమె నంబరు నొక్కేసింది. ఆమె పోయి పద్దెనిమిది రోజులు. ఈ వేలు నన్నడక్కుండా ఎన్నో చేస్తుంది, నాకు తెలుసు. రోజుకి ఎన్నిసార్లు అక్కర్లేని యాప్ తెరుస్తుందో లెక్కలేదు. దానికా అలవాటు నేర్పినవాళ్లెవరో నాకు మొహం కూడా తెలియదు. అమ్మమ్మ చేతికి నేర్పింది వాళ్ల అవ్వ. ఆ రోజులకీ ఈ రోజులకీ తేడా అంటే నాకు కనిపించే తేడా అది, మిగతా అంతా మీరు చెప్పుకునే కబుర్లు. కానీ ఆ ఆదివారం నొక్కిన నొక్కు మాత్రం ఏ యాప్ నేర్పిందీ కాదు.

అవతల ఫోనెత్తారు. "ఎవలు?" పెద్దమామ గొంతు. పొరపాటున తగిలింది మామా, అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. చూసుకోకుండా నొక్కాను, తెలియకుండా పోయింది, ఏదన్నా చాలు, మర్యాదగా పెట్టేయొచ్చు.

"నేనే మామా" అన్నాను. "నేనే చేసిన."

"అవ్వ యాదికొచ్చిందా బిడ్డా?" అన్నాడు.

"సందూకు తెరువు మామా. ఆ చీర తియ్యి. కొంగు గీతలు లెక్కపెట్టు. పైకి లెక్కపెట్టు, నేను వింటా."

ఏం తోచిందో గానీ తిట్టలేదు. సందూకు మూత కిర్రుమంది. "ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు." ఆగాడు. "ఆరు" అన్నాడు.

"మీ తాత అయిదే వేసేవాడు కదా మామా?"

"ఆరోది గూడ తెల్లగనే ఉన్నది గదనే. పసుపేది?"

"వంటింటి పసుపు మామా. కట్టింది, ఉతికింది, ఎండలో ఆరేసింది. అరవై ఏళ్లు ఆగుతుందా?"

ఫోన్ పెట్టేశాడు. గ్రూపులో పెట్టిన పోస్టు ఇంకా అట్లాగే ఉందని అమ్మ చెప్పింది. ఉండనీ.

నేనిప్పుడు మీ అందరినీ అడుగుతున్నాను, మామనీ, వంశీనీ, ఇది చదువుతూ మధ్యలో మీకు తెలియకుండానే ఫోన్ తీసి చూసిన మిమ్మల్నీ. ఆ గీత అమ్మమ్మ వేయలేదంటే, ఆ ఫోన్ నేను చేయలేదంటే, తెలియకుండా చేసినవన్నీ ఇంకెవరివో అంటే, మరి తీసేయండి అవన్నీ మీలోంచి. తీసేశాక నేను అని చెప్పుకోవడానికి మీ దగ్గర ఏం మిగులుతుందో చెప్పండి చూద్దాం?